ఎక్సెల్ షీట్‌లో అంకె మారింది... మార్చింది ఎవరు? మాక్రోతో పట్టుకోవడం ఇలా

షీట్‌లో ఇయర్‌బడ్స్ స్టాక్ 30 అని ఉంది. అల్మరాలో లెక్కపెడితే 21. తొమ్మిది పీసులు లేవు. ఒక్కోటి 900 రూపాయలు వేసుకున్నా 8,100 రూపాయల సరుకు.

ఇది ఖమ్మంలో మా బాబాయి నడిపే మొబైల్ యాక్సెసరీస్ షాపులో జరిగింది. కౌంటర్‌లో ఒక కుర్రాడు పనిచేస్తాడు. సరుకు అమ్మిన ప్రతిసారీ షీట్‌లో అంకె తగ్గించేది అతనే. అందుకే అనుమానం కూడా అతని మీదకే వెళ్లింది. "ఏరా, నువ్వు కంప్యూటర్ చదివావు కదా, ఈ అంకెని ఎవడు మార్చాడో చెప్పగలవా? లేదంటే వచ్చే నెల వాడి జీతంలో కట్ చేస్తా" అన్నాడు బాబాయి ఫోన్‌లో. ఆ స్టాక్ షీట్ తయారు చేసిచ్చింది నేనే. కాబట్టి తప్పించుకునే దారి లేదు.

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి ఎక్సెల్ గురించి రాస్తున్నా. ఎందుకంటే హాస్టల్ మెస్ లెక్కల నుంచి ఆఫీస్ రిపోర్టుల దాకా మీలో చాలామంది షేర్డ్ షీట్ల మీదే పనిచేస్తుంటారు. "నేను మార్చలేదు", "మరి ఎవరు మార్చారు?" అనే గొడవ మీకూ వచ్చే ఉంటుంది. ఒక సెల్ మారినప్పుడు దానికి కారణం ఏమిటో వీబీఏ మాక్రోతో ఎలా తెలుసుకోవచ్చో, నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో స్టెప్ బై స్టెప్ చెప్తా. కోడ్‌లో వచ్చే పేర్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నా. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి.

ముందు షీట్ ఎలా ఉందో చూడండి

ఎ కాలమ్‌లో ఐటమ్ పేరు. బి లో రేటు. సి లో కొత్తగా వచ్చిన సరుకు. డి లో మిగిలిన స్టాక్. ఇ లో స్టాక్ విలువ, అంటే బి ని డి తో గుణించే ఫార్ములా. పైన "సరుకు చేర్చు" అని ఒక బటన్. డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి సరుకు రాగానే బాబాయి ఆ అంకెలు సి కాలమ్‌లో వేసి బటన్ నొక్కుతాడు. మాక్రో ఆ అంకెల్ని డి కాలమ్‌కి కలుపుతుంది. బిల్లుతో సరిచూసుకోవడానికి సి లో అంకెలు అలాగే ఉంచమన్నాడు. తర్వాత సరుకు వచ్చినప్పుడు వాటిని చేత్తో చెరిపేసి కొత్తవి వేస్తాడు.

ఇప్పుడు అసలు విషయం. ఒక సెల్‌లో అంకె మారడానికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి:

1. ఎవరో చేత్తో టైప్ చేశారు, లేదా డిలీట్ కొట్టారు.
2. ఎవరో వేరేచోట నుంచి పేస్ట్ చేశారు, లేదా సెల్ మూల పట్టుకుని కిందకి లాగారు.
3. ఏదో మాక్రో రాసింది.
4. ఆ సెల్‌లో ఫార్ములా ఉంది, అది ఆధారపడే ఇంకో సెల్ మారింది.

స్క్రీన్ మీద చూస్తే నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. మనం మాత్రం మొదటిదే జరిగిందని అనేసుకుంటాం. అక్కడే మనుషుల మీద నిందలు పడతాయి.

మొదటి ప్రయత్నం: చేంజ్ ఈవెంట్

ఎక్సెల్‌లో వీబీఏ 1993లో వచ్చిన ఎక్సెల్ 5 నుంచి ఉంది. షీట్ ఓపెన్ చేసి ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే ఎడిటర్ వస్తుంది. ఎడమవైపు మీ షీట్ పేరు మీద డబుల్ క్లిక్ చేసి, పైన ఉన్న రెండు డ్రాప్‌డౌన్లలో మొదటిదాంట్లో వర్క్‌షీట్, రెండోదాంట్లో చేంజ్ ఎంచుకోండి. ఖాళీ ప్రొసీజర్ అదే వచ్చేస్తుంది. షీట్‌లో ఏ సెల్ మారినా ఎక్సెల్ దీన్ని పిలుస్తుంది. పిలిచేటప్పుడు టార్గెట్ అనే పేరుతో ఏ సెల్స్ మారాయో కూడా చేతికిస్తుంది.

ఫైల్‌లో ఎన్ని షీట్లున్నా ఒకేచోట నుంచి గమనించాలంటే దిస్‌వర్క్‌బుక్‌లో ఉండే వర్క్‌బుక్ షీట్‌చేంజ్ ఈవెంట్ వాడాలి. నేను అదే వాడా. "లాగ్" అనే కొత్త షీట్ పెట్టి, ఏది మారినా టైమ్, సెల్ అడ్రస్, కొత్త అంకె ఒక వరుసలో రాయమన్నా. టెస్ట్ చేద్దామని ఒక అంకె మార్చా. ఎక్సెల్ బిగుసుకుపోయింది!

కారణం సింపుల్. లాగ్ షీట్‌లో రాయడం కూడా మార్పే. ఆ మార్పుకి మళ్లీ ఈవెంట్ లేచింది, అది మళ్లీ లాగ్‌లో రాసింది, దానికి మళ్లీ ఈవెంట్... తన తోకని తనే తరుముతున్న కుక్కలా తయారైంది. దీనికి మందు అప్లికేషన్ డాట్ ఎనేబుల్‌ఈవెంట్స్. రాసే ముందు దీన్ని ఫాల్స్ చేయాలి, రాశాక ట్రూ చేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ సెట్టింగ్ ఒక్క షీట్‌కి కాదు, ఓపెన్‌లో ఉన్న ఎక్సెల్ మొత్తానికి వర్తిస్తుంది. మధ్యలో ఎర్రర్ వచ్చి కోడ్ ఆగిపోతే ఈవెంట్స్ ఆఫ్‌లోనే ఉండిపోతాయి. లాగ్ పనిచేస్తోందని మీరనుకుంటారు, అది నిద్రపోతూ ఉంటుంది. అందుకే ఆన్ ఎర్రర్ గోటు పెట్టి, ఎర్రర్ వచ్చినా రాకపోయినా చివర్లో ట్రూ చేసే లైన్ తప్పక నడిచేలా చూసుకోండి.

టార్గెట్ అంటే ఒక్క సెల్ అనుకోవద్దు

రెండో బోల్తా ఇది. కుర్రాడు ఐదు సెల్స్ సెలెక్ట్ చేసి ఒకేసారి డిలీట్ కొట్టగానే టైప్ మిస్‌మ్యాచ్ ఎర్రర్ 13 వచ్చింది. ఐదు సెల్స్ ఉంటే టార్గెట్ డాట్ వాల్యూ ఒక అంకె కాదు, ఒక పట్టిక. దాన్ని ఒక్క అంకెతో పోల్చడం కుదరదు.

కాబట్టి రెండు పనులు చేయాలి. మొదట, ఇంటర్‌సెక్ట్ ఫంక్షన్‌తో టార్గెట్‌లో మనకి కావాల్సిన భాగం, అంటే బి నుంచి డి వరకు ఉన్న కాలమ్స్‌లోది, విడదీయాలి. ఏమీ లేకపోతే అది నథింగ్ ఇస్తుంది, అప్పుడు అక్కడితో ఆపేయాలి. తర్వాత ఫర్ ఈచ్ లూప్‌తో ఒక్కో సెల్ చూడాలి.

సెల్స్ ఎన్నో లెక్కపెట్టాలంటే కౌంట్ బదులు కౌంట్‌లార్జ్ వాడండి. షీట్‌లో 10,48,576 వరుసలు, 16,384 కాలమ్స్ ఉంటాయి. ఎవరైనా మొత్తం షీట్ సెలెక్ట్ చేసి చెరిపేస్తే ఆ లెక్క 1,700 కోట్లు దాటుతుంది. కౌంట్ ఇచ్చే లాంగ్ టైప్ అంకె 214 కోట్ల దగ్గరే ఆగిపోతుంది, ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది.

పాత అంకె ఏది?

చేంజ్ ఈవెంట్ మార్పు జరిగాకే లేస్తుంది. కొత్త అంకె చేతిలో ఉంటుంది కానీ పాతది పోయి ఉంటుంది. చాలామంది చెప్పే ట్రిక్ అప్లికేషన్ డాట్ అన్‌డూ. వెనక్కి తిప్పి, పాత అంకె చదివి, కొత్తది మళ్లీ రాయడం. కానీ మనిషి చేసిన పనినే అది వెనక్కి తిప్పగలదు. మాక్రో రాసిన అంకెని తిప్పలేదు. మనం పట్టుకోవాల్సినవాటిలో మాక్రో కూడా ఉంది కదా!

నేను వేరే దారి పట్టా. స్టాక్ షీట్ విలువల్ని అచ్చంగా "నీడ" అనే షీట్‌లోకి కాపీ చేసి, దాన్ని వెరీహిడెన్ చేశా. మామూలు అన్‌హైడ్ లిస్టులో అది కనిపించదు. ఏదైనా సెల్ మారితే కోడ్ నీడలో అదే అడ్రస్‌లో ఉన్న అంకెతో పోలుస్తుంది. తేడా ఉంటే పాతదీ కొత్తదీ లాగ్‌లో రాసి, నీడని అప్‌డేట్ చేస్తుంది. ఒక్క జాగ్రత్త: మధ్యలో వరుస చేర్చినా తీసేసినా నీడ లైన్ తప్పుతుంది. టార్గెట్‌లో కాలమ్స్ సంఖ్య 16,384 ఉంటే మొత్తం వరుస కదిలినట్టు లెక్క. అప్పుడు నీడని మళ్లీ మొత్తంగా కాపీ చేయించండి.

ఫార్ములా దగ్గర చేంజ్ ఈవెంట్ మూగది

ఇది చాలామందికి తెలియని పాయింట్. ఇయర్‌బడ్స్ రేటు బి7లో 900 నుంచి 850కి మారిస్తే ఇ7లో ఉన్న విలువ కూడా తగ్గుతుంది. కానీ టార్గెట్‌లో వచ్చేది బి7 మాత్రమే. ఇ7 పేరు ఎక్కడా రాదు. ఫార్ములా ఫలితం మారితే చేంజ్ ఈవెంట్ లేవదు.

దానికి కాలిక్యులేట్ ఈవెంట్ ఉంది. అయితే దానికి టార్గెట్ ఉండదు. "ఏదో లెక్క మళ్లీ వేశా" అని మాత్రమే చెప్తుంది. ఇక్కడ కూడా నీడే ఆదుకుంటుంది. ఇ కాలమ్ మొత్తాన్ని నీడతో పోల్చి, మారినవాటిని "ఫార్ములా" అనే కారణంతో లాగ్‌లో వేయాలి. లాగ్‌లో దాని దగ్గర్లోనే అసలు మారిన బి లేదా డి సెల్ ఉంటుంది. అప్పుడు కథ పూర్తిగా అర్థమవుతుంది. చేత్తో చూసుకోవాలంటే ఫార్ములాస్ ట్యాబ్‌లో ట్రేస్ ప్రెసిడెంట్స్ నొక్కండి, ఆ అంకె ఎక్కడ నుంచి వస్తుందో బాణాలు చూపిస్తాయి.

టుడే ఫంక్షన్ ఉన్న సెల్ అయితే ఎవరూ ముట్టుకోకుండానే మారుతుంది, తేదీ మారి లెక్క మళ్లీ వేస్తే చాలు. దానికి మనిషిని అడిగి లాభం లేదు.

చేత్తోనా, పేస్టా, మాక్రోనా?

మాక్రోని గుర్తుపట్టడానికి ఒక పబ్లిక్ వేరియబుల్ పెట్టండి. నేను దానికి "కారణం" అని అర్థమొచ్చే పేరు పెట్టా. బటన్ మాక్రో మొదలవగానే అందులో తన పేరు రాస్తుంది, పని అయ్యాక ఖాళీ చేస్తుంది. లాగ్ రాసే కోడ్ ఆ వేరియబుల్ చూస్తుంది. పేరుంటే మాక్రో, ఖాళీగా ఉంటే మనిషి.

షీట్‌లో చాలా బటన్లున్నా ఒకే మాక్రో వాడితే, ఏ బటన్ నొక్కారో అప్లికేషన్ డాట్ కాలర్ చెప్తుంది. ఇది షేప్‌లకీ, ఫారమ్ కంట్రోల్ బటన్లకీ పనిచేస్తుంది. మాక్రోని ఆల్ట్, ఎఫ్8 నుంచి నడిపితే పేరు బదులు ఎర్రర్ విలువ వస్తుంది. అందుకే ముందు టైప్‌నేమ్‌తో అది స్ట్రింగ్ అవునో కాదో చూసుకోండి.

మనిషే అయితే టైప్ చేశాడా, పేస్ట్ చేశాడా అన్నది అన్‌డూ లిస్టులో మొదటి ఎంట్రీ చదివితే తెలుస్తుంది. స్టాండర్డ్ కమాండ్‌బార్‌లో ఉండే అన్‌డూ కంట్రోల్ నుంచి ఆ లిస్ట్ తీసుకోవచ్చు. టైప్ చేస్తే టైపింగ్ అని, అతికిస్తే పేస్ట్ అని ఉంటుంది. లాగ్‌లో రాయకముందే దాన్ని చదవాలి, ఎందుకంటే మాక్రో సెల్స్‌లో రాయగానే అన్‌డూ లిస్ట్ ఖాళీ అవుతుంది. అన్నట్టు, దీని సైడ్ ఎఫెక్ట్ ఒకటుంది: లాగ్ పెట్టాక యూజర్‌కి కంట్రోల్, జెడ్ పనిచేయదు. ముందే చెప్పండి.

లాగ్ ఖాళీ... కానీ అంకె మారింది!

ఇవన్నీ ఒకేరోజు అవ్వలేదు. నీడ పెట్టినప్పుడే ఇంకో చెక్ కూడా పెట్టా. ఫైల్ ఓపెన్ అవగానే స్టాక్‌నీ నీడనీ పోల్చాలి, తేడా ఉంటే "గమనించని మార్పు" అని రాయాలి.

గురువారం కొత్త సరుకు వచ్చింది. శుక్రవారం పొద్దున లాగ్‌లో డి కాలమ్‌లో ఆరు సెల్స్ ఎదురుగా అదే మాట: గమనించని మార్పు. మళ్లీ స్టాక్ ఎక్కువ చూపిస్తోంది. ఎవరు మార్చారో మాత్రం ఒక్క వరుస కూడా లేదు.

మొదట చిరాకేసింది. తర్వాత అర్థమైంది, ఈ మౌనమే క్లూ అని. డి కాలమ్‌లో ఫార్ములా లేదు. కుర్రాడు చేత్తో మార్చినవి మిగతావన్నీ లాగ్‌లో చక్కగా ఉన్నాయి, ఒకటి తగ్గింది, రెండు తగ్గింది అని. అంటే ఈవెంట్‌ని లేపకుండా డి లో రాయగలిగేది ఇంకేదో ఉంది. బటన్ మాక్రో ఓపెన్ చేశా. మొదటి లైన్ ఎనేబుల్‌ఈవెంట్స్ ఈక్వల్ టు ఫాల్స్. ఏడాది కిందట స్పీడ్ కోసం నేనే రాసుకున్న లైన్!

ఆ లైన్ తీసేసి, కారణం వేరియబుల్ పెట్టి ఊరుకున్నా. తర్వాతి సరుకు వచ్చిన రోజు లాగ్ ఇలా ఉంది: డి7, పాత అంకె 18, కొత్తది 24, కారణం "సరుకు చేర్చు". తర్వాత 38 సెకన్లకి డి7, పాత అంకె 24, కొత్తది 30, కారణం "సరుకు చేర్చు". వచ్చింది ఆరు పీసులు. కలిసింది పన్నెండు.

"బాబాయ్, బటన్ రెండుసార్లు నొక్కావా?" అని అడిగా. "నొక్కితే ఏమీ కదల్లేదురా. పడలేదేమో అని మళ్లీ నొక్కా" అన్నాడు. తప్పు ఆయనది కాదు. నొక్కాక "అయింది" అని ఒక మెసేజ్ కూడా చూపించని బటన్ నేనిచ్చా. రెండోసారి నొక్కితే మళ్లీ కలపకుండా ఆపే చెక్ కూడా పెట్టలేదు.

మరి మొదట పోయిన తొమ్మిది ఇయర్‌బడ్స్? ఆనాటి బిల్లు తీయించా. ఇయర్‌బడ్స్ తొమ్మిది. అదే బిల్లులో ఉన్న మిగతా ఐటమ్స్ కూడా లెక్కపెట్టమన్నా. ఖరీదైనవి కాబట్టి బాబాయి ఇయర్‌బడ్స్ ఒక్కటే లెక్కపెట్టాడు. బ్యాక్ కవర్లు, కేబుల్స్, టెంపర్డ్ గ్లాసులు అన్నీ షీట్‌లో బిల్లులో ఉన్నంత ఎక్కువగా ఉన్నాయి. దొంగ ఎవడూ బిల్లు చూసుకుని ప్రతి ఐటమ్‌లో సరిగ్గా అన్నే పట్టుకెళ్లడు. ఏ సరుకూ పోలేదు. లేని సరుకుని షీట్ ఉన్నట్టు చూపించింది, అంతే.

ఈ లాగ్‌ని ఎంతవరకు నమ్మాలి?

ఫోన్ వాడే మనందరికీ ముఖ్యమైన విషయం: ఆండ్రాయిడ్, ఐఫోన్ ఎక్సెల్ యాప్స్‌లో వీబీఏ మాక్రోలు నడవవు. బ్రౌజర్‌లో వాడే ఎక్సెల్‌లోనూ అంతే. ఫైల్ వన్‌డ్రైవ్‌లో పెట్టి ఫోన్‌లో అంకె మారిస్తే లాగ్‌కి తెలియదు. ఓపెన్ అవగానే చేసే నీడ చెక్ ఒక్కటే దాన్ని పట్టుకుంటుంది.

ఫైల్‌ని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఫార్మాట్‌లో సేవ్ చేయాలి. నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసిన ఫైల్స్‌లో మాక్రోల్ని మైక్రోసాఫ్ట్ 2022 నుంచి డిఫాల్ట్‌గా బ్లాక్ చేస్తోంది. అది మీ సొంత ఫైలే అయితే రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టండి. ఎవరో పంపిన తెలియని ఫైల్‌కి మాత్రం ఈ పని చేయొద్దు.

ఇక పేరు విషయం. అప్లికేషన్ డాట్ యూజర్‌నేమ్ ఇచ్చేది ఆఫీస్ ఆప్షన్స్‌లో రాసుకున్న పేరు, ఎవరైనా మార్చుకోవచ్చు. విండోస్ లాగిన్ పేరు కావాలంటే ఎన్విరాన్ ఫంక్షన్ వాడాలి. షాపులో అందరిదీ ఒకే కంప్యూటర్, ఒకే లాగిన్ అయితే రెండూ దండగే. లాగ్ ఏ సెల్, ఎప్పుడు, ఏ దారిలో మారిందో చెప్తుంది. కుర్చీలో ఎవరు కూర్చున్నారో చెప్పదు.

మాక్రో రాసే ఓపిక లేకపోతే మైక్రోసాఫ్ట్ 365లో రివ్యూ ట్యాబ్‌లో షో చేంజెస్ చూడండి, 60 రోజుల వరకు ఎడిట్స్ దొరుకుతాయి. గూగుల్ షీట్స్‌లో సెల్ మీద రైట్ క్లిక్ చేస్తే షో ఎడిట్ హిస్టరీ ఉంటుంది. అక్కడ కోడ్ రాయాలంటే యాప్స్ స్క్రిప్ట్‌లో ఆన్‌ఎడిట్ ఫంక్షన్ ఉంది. ఒక్క సెల్ మార్చితే పాత విలువని ఓల్డ్‌వాల్యూ పేరుతో అదే ఇస్తుంది, ఫోన్ యాప్‌లో చేసిన మార్పులకి కూడా లేస్తుంది. కానీ ఫార్ములా ఫలితం మారినా, వేరే స్క్రిప్ట్ రాసినా అది లేవదు. అంటే పాఠం అక్కడా ఇదే.

ఇప్పుడు బటన్ నొక్కగానే "6 ఐటమ్స్ కలిపాను" అని మెసేజ్ వస్తుంది, కలిపిన వరుస పక్కన తేదీ పడుతుంది, తేదీ ఉన్న వరుసని మాక్రో మళ్లీ ముట్టుకోదు. బాబాయి జీతం కట్ చేయలేదు. ఆ కుర్రాడిని పిలిచి విషయం చెప్పాడు కూడా. నేను షాపుకెళ్లినప్పుడు వాడు ఒకటే అడిగాడు: "అన్నా, ఆ లాగ్ నాక్కూడా చూపిస్తావా? నా ఎంట్రీలు నేను చూసుకుంటా." ఆ షీట్‌ని ప్రొటెక్ట్ చేసి, అందరికీ కనిపించేలా ఓపెన్‌గా పెట్టేశా.

మీ షీట్‌లో ఏదైనా అంకె తేడా వస్తే "ఎవరు?" అని అడిగే ముందు "ఏది?" అని అడగండి. చెయ్యా, పేస్టా, మాక్రోనా, ఫార్ములానా? నాలుగూ చూశాకే మనుషుల దగ్గరకి వెళ్లండి. మాక్రో మీరే రాసుంటే ముందు మీ కోడ్ చూసుకోండి.